బాకా షరతు

మా అత్తయ్యకు కోపం వస్తే కేకలు వేయదు, అలిగి పడుకోదు, గిన్నెలు చప్పుడు చేయదు. అద్దె ఒప్పందంలో ఇంకో షరతు రాస్తుంది.

ఒక్క కోపానికే కాదు, దిగులుకూ అదే మందు, అనుమానానికీ అదే. మెట్లకు అడ్డంగా ఎవరో సైకిలు పెడితే, పక్కింటి పిల్లి వచ్చి పాలు తాగిపోతే మిగతా మనుషులు సైకిలు పక్కకు జరుపుతారు, పిల్లిని తరుముతారు. మా అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని కలం మూత తీస్తుంది.

"వార్డెన్ గారూ, పిల్లి మీద షరతు ఎలా రాస్తారండీ? అది సంతకం పెట్టదుగా" అంటాడు మామయ్య.

"పిల్లి పెట్టదు. కిటికీ తెరిచి పెట్టినవాళ్ళు పెడతారు" అంటుంది అత్తయ్య, తల ఎత్తకుండా.

మామయ్య ఆమెను వార్డెన్ గారూ అని పిలవడం ఊరికే కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆమె ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్. అక్కడ గోడ కనిపిస్తే చాలు, దాని మీద ఒక నియమం అంటించేది. ఉద్యోగం అయిపోయాక కూడబెట్టిన డబ్బుతో ఇల్లు కట్టింది. కింద తామిద్దరూ, మధ్య వాటా ఒకరికి, మేడ మీద వాటా ఇంకొకరికి. హాస్టల్ గోడలు పోయాయి గానీ నియమాలు రాసే చెయ్యి ఊరుకుంటుందా? దానికి అద్దె ఒప్పందం దొరికింది.

మొదట్లో అది స్టేషనరీ షాపులో దొరికే అచ్చు కాగితం. అందులో 'అద్దెదారు ఇంటిని మంచిగా వాడుకొనవలెను' అని ఉండేది. ఆ వాక్యం చదివి అత్తయ్యకు ఒళ్ళు మండిపోయింది.

"మంచిగా అంటే ఏమిటే? ఇలాంటి మాట నేను హాస్టల్లో రాసుంటే పిల్లలు ఇల్లు పీకి పందిరేసేవాళ్ళు!"

ఈ ప్రశ్న అడిగింది నన్నే. నేను ఆమె తమ్ముడి కూతుర్ని. అప్పుడే లా పాసై, నల్లకోటు ఇస్త్రీ కూడా నలగకుండా, మొదటి కక్షిదారు కోసం ఎదురుచూస్తున్నాను. ఆ మొదటి కక్షిదారు అత్తయ్యే అయింది. ఫీజు ఇవ్వని కక్షిదారు, ఎప్పటికీ వదలని కక్షిదారు.

"అత్తయ్యా, షరతు రాయడం గొప్ప కాదు. అది నిలబడాలి" అన్నాను నేను, కొత్తగా నేర్చుకున్న గాంభీర్యంతో.

"నిలబడడమంటే?"

"రేపు పేచీ వచ్చి జడ్జిగారి ముందుకు వెళితే ఆయన చదివి, 'ఇది చెల్లుతుంది' అనాలి. ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఎప్పటిలోగా చేయాలి, చేయకపోతే ఏమవుతుంది, అన్నీ స్పష్టంగా ఉండాలి. చట్టానికి ఎదురెళ్ళకూడదు. బరువంతా ఒకవైపే మోపకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అవతలివాళ్ళు చదివి, ఒప్పుకుని సంతకం పెట్టాలి."

అత్తయ్య ఇదంతా శ్రద్ధగా విన్నది. ఆనాటి నుంచి నా ఫోను మోగితే 'హలో' ఉండదు, 'బాగున్నావా' ఉండదు. "నిలబడుతుందా?" అనే.

కోర్టు వరండాలో ఉంటాను. ఫోను మోగుతుంది.

"అద్దెదారు ఇంటికి వచ్చిన చుట్టాలు వారానికి మించి ఉండరాదు. నిలబడుతుందా?"

"నిలబడదు అత్తయ్యా. వాళ్ళింటికి ఎవరు రావాలో, ఎన్నాళ్ళుండాలో మనమెవరం చెప్పడానికి?"

"పోనీ, మా ఇంటికి వచ్చే మీ మామయ్య చెల్లెలి విషయంలోనైనా నిలబడుతుందా?"

వెనక నుంచి మామయ్య గొంతు వినిపించింది: "అది అసలే నిలబడదు. వచ్చిందంటే కూర్చుంటుంది."

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఒకసారి చెప్పిన మాట అత్తయ్య మరిచిపోదు. బరువు రెండువైపులా ఉండాలన్నానా, ఇక అద్దెదారు మీద ఒక షరతు పెట్టిన ప్రతిసారీ తన మీద ఒకటి పెట్టుకునేది. 'తలుపులు విసిరి వేయరాదు' అని రాసింది. గాలికి కొట్టుకుంటే ఎవరిది తప్పు అని అడిగాను. వెంటనే కింద ఇంకో వాక్యం చేర్చింది: 'గాలికి కొట్టుకొనకుండా యజమాని ప్రతి తలుపునకు కొక్కెము బిగించవలెను.' ఆ తర్వాత వారమంతా మామయ్య స్క్రూడ్రైవరు పట్టుకుని ఇల్లంతా తిరిగాడు.

"ఈ ఇంట్లో షరతులు ఆవిడవి, స్క్రూలు నావి" అన్నాడు నాతో, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ.

అచ్చు కాగితం ఒక్క పేజీ కాస్తా పుస్తకమైంది. మధ్య వాటాలో కళ్ళజోళ్ళ షాపాయన, భార్య, ఇద్దరు పిల్లలు ఉండేవారు. ఆ ఒప్పందం పూర్తిగా చదివాక ఆయన తన కళ్ళజోడు నంబరు తానే మార్చుకున్నాడని మామయ్య అంటాడు. అయినా వాళ్ళు ఇల్లు మారే ఆలోచన చేయలేదు. ఎందుకంటే ఆ ఇంట్లో కారే కొళాయి లేదు, ఊడిన గడియ లేదు. అన్నిటికీ ఎక్కడో ఒక షరతు ఉంది, దాని వెనక మామయ్య ఉన్నాడు.

అలా ఉండగా మేడ మీద వాటా ఖాళీ అయింది. దాన్ని చూడడానికి వచ్చాడు బాకా మాస్టారు.

ఈ పేరు తర్వాత మామయ్య పెట్టింది. ఆయన బడిలో పిల్లలకు బ్యాండు నేర్పే మాస్టారు. నలభై దాటిన మనిషి, సన్నగా, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ట్రంపెట్ పెట్టెను చంటిబిడ్డలా ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఒంటరి. తన గురించి గొప్పగా ఒక్క మాట చెప్పుకోవడం రాదు. "బాకా వాయిస్తాడు గానీ తన బాకా తాను ఊదుకోవడం రాదు పాపం" అన్నాడు మామయ్య.

"మేడమ్, ముందే చెప్పేస్తున్నాను. ఇంట్లో నేను సాధన చేసుకోవాలి. చాలామంది ఒప్పుకోరు" అన్నాడు.

"ఇంతకుముందు ఎక్కడుండేవారు?"

మార్కెట్ వెనక వీధిలో ఇల్లు చెప్పాడు.

"ఎందుకు ఖాళీ చేశారు?"

ఆయన పెట్టె మీద చెయ్యి ఒకసారి ఆగింది. "చప్పుడని" అన్నాడు.

"రేపు రండి" అంది అత్తయ్య.

అద్దెకు వచ్చేవాళ్ళ గురించి వాకబు చేయనిదే ఇల్లు ఇవ్వదు ఆమె. ఆ సాయంత్రం మార్కెట్ వెనక వీధికి వెళ్ళి వచ్చింది. వచ్చాక మామయ్య ఏమిటని అడిగితే జవాబు చెప్పలేదట. నాకు ఫోను చేసింది.

"పొద్దున్నే రా. గట్టి షరతొకటి కావాలి. జడ్జి కాదు, జడ్జి తాత వచ్చినా కదలకూడదు."

నాకు అర్థమైపోయింది అనుకున్నాను. బాకా గురించే కదా! నేనే ముందుగా అందంగా రాసి తీసుకెళ్ళాను: 'అద్దెదారు ఉదయము, రాత్రి వేళలందు ఇంట వాద్యము వాయించరాదు.' గర్వంగా చదివి వినిపించాను. అత్తయ్య కాగితం లాక్కుని, రాత్రి అన్న మాట తీసేసి, 'రాదు' కొట్టేసి, పైన 'వలెను' అని రాసింది.

'ఉదయము వాయించవలెను.'

"అత్తయ్యా, పొరపాటున తలకిందులు చేశావు."

"పొరపాటేం లేదు. ప్రతి ఉదయం ఏడింటికి ఆయన వాయించాలి. ఒక్కరోజు కూడా తప్పకూడదు. తప్పితే తలుపు తట్టి, పలక్కపోతే నా తాళంచెవితో తీసుకుని లోపలికెళతాను. నిలబడుతుందా?"

నేను నోరెళ్ళబెట్టాను. "లోకంలో ఏ ఓనరైనా చప్పుడు చేయొద్దని రాయించుకుంటాడు గానీ, చప్పుడు చేసి తీరాలని..."

"లోకంతో నాకేం పని? నిలబడుతుందా, లేదా?"

"వాయించమనడం వరకూ ఆయన ఒప్పుకుంటే నిలబడుతుంది. తాళం తీసుకుని లోపలికెళ్ళడం మాత్రం కష్టం. అద్దెకిచ్చాక అది ఆయన ఇల్లు. ప్రాణం మీదకొస్తే తప్ప చెప్పాపెట్టకుండా వెళ్ళడానికి లేదు."

"ఆయనే ముందుగా ఒప్పుకుని సంతకం పెడితే?"

"అప్పుడు కూడా హద్దు ఉండాలి. ఎప్పుడు, ఎలా, ఎంతవరకు అన్నది తేలాలి."

"అయితే తేలుద్దాం, కూర్చో."

మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టింది. నేను గీసిన ప్రతి హద్దుకూ ఒప్పుకుంది గానీ, ఆ షరతు వదలమంటే మాత్రం ఉడుంపట్టు పట్టింది. చివరికి విసుగొచ్చి, అసలు ఇదంతా ఎందుకని అడిగాను.

"నాకు సంగీతమంటే ఇష్టం" అంది.

మంచినీళ్ళు తాగుతున్న మామయ్యకు పొలమారింది. పెళ్ళైన దగ్గర్నుంచి ఆ ఇంట్లో రేడియో పెడితే ఆమె అన్న మాట ఒక్కటే: 'అది కట్టేయండి, తలనొప్పి.'

చివరికి షరతు ఇలా తయారైంది: 'అద్దెదారు ఇంట నున్న ప్రతి దినము ఉదయం ఏడు గంటలకు, మెట్ల వద్ద నిలబడిన వారికి వినబడునట్లు, కనీసము ఒక్క స్వరమైనను వాయించవలెను. వినబడనిచో యజమాని తలుపు తట్టి, పిలిచి, జవాబు రానిచో మాత్రమే తన తాళంచెవితో లోనికి రావచ్చును. ఇందులకు అద్దెదారు ఇందుమూలముగా సమ్మతించుచున్నాడు. ఊరికి వెళ్ళునపుడు ముందుగా తెలుపవలెను.'

బాకా మాస్టారు వచ్చి చదివాడు. మళ్ళీ చదివాడు. మొహమాటంగా నా వైపు చూశాడు.

"ఇక్కడ అచ్చుతప్పు పడినట్టుందండీ. 'వాయించరాదు' అని ఉండాలేమో."

"తప్పు పడలేదు" అంది అత్తయ్య.

"అంటే, వాయించమంటున్నారా?"

"వాయించాలంటున్నాను."

ఆ మనిషి మొహం వెలిగిపోయింది. "పాత ఇంట్లో దుప్పటి ముసుగేసుకుని వాయించేవాణ్ణి మేడమ్" అన్నాడు. తర్వాత కళ్ళు తాళంచెవి దగ్గరికి వచ్చాయి. వెలుగు కాస్త తగ్గింది. "ఇదెందుకు?"

"ఒప్పందం తప్పితే వచ్చి చూడొద్దూ?"

"ఆదివారం నేను లేటుగా లేస్తాను."

"ఒక్క స్వరం చాలు. వాయించి మళ్ళీ పడుకోండి."

"కళ మేడమ్ ఇది. బలవంతం మీద ఎలా వస్తుంది?"

"కళ మీ ఇష్టం. పొద్దున్నే ఆ ఒక్క స్వరం మాత్రం నాది."

ఆయన తనవైపు నుంచీ ఒక షరతు పెట్టాడు. ఈ ఒక్క సందర్భంలో తప్ప ఇంకే కారణంతోనూ ఎవరూ తన గదిలోకి రాకూడదు. ఎలుక దూరినా, కప్పు కారినా తనను అడిగే రావాలి. అది చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఉన్న పంతం చూసి, మనిషి మెత్తగా కనిపిస్తాడు గానీ బిర్రబిగుసుకున్న ఘటం అనుకున్నాను. అత్తయ్య మాత్రం తెగ సంతోషపడిపోయింది.

"షరతంటే ఇలా ఉండాలి! రాయవే, రాయి."

ఇద్దరూ సంతకాలు పెట్టారు.

మర్నాడు ఉదయం ఏడింటికి గడ్డం గీసుకుంటున్న మామయ్య చెంప మీద అడ్డంగా గాటు పడింది. మధ్య వాటా పిల్లలు మంచం మీద నుంచి దొర్లి, లేచి, బడికి తయారైపోయారు. వాళ్ళమ్మ అదొక్కటే లాభం అనుకుంది. వీధిలో మాత్రం కిటికీలన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. వారం తిరక్కుండా ఎదురింటాయన వచ్చేశాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"ఏమండీ, ఆ బాకా ఆపిస్తారా, లేక నన్ను ఫిర్యాదు చేయమంటారా?"

"ఆపితే ఆయన ఒప్పందం తప్పినట్టవుతుందండీ. నేనాయనకు నోటీసు ఇవ్వాల్సొస్తుంది."

"వాయిస్తే నోటీసా?"

"వాయించకపోతే."

ఎదురింటాయన అత్తయ్యను చూశాడు, మామయ్యను చూశాడు, చివరికి దిక్కుతోచక నన్ను చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

ఆయన వెళ్ళాక అన్నాను: "అత్తయ్యా, నువ్వూ మాస్టారూ ఏం రాసుకున్నా, వీధిలోవాళ్ళ నిద్ర మీద మీకు హక్కు లేదు. ఆయన ఫిర్యాదు చేశాడంటే..."

"నిలబడుతుందా?"

"బ్రహ్మాండంగా నిలబడుతుంది."

అత్తయ్య మొహం వాడిపోయింది. ఆ మాట తనకే ఎదురు తిరగడం అదే మొదటిసారి. కానీ ఓడిపోయి ఊరుకునే రకమా? నేరుగా మేడమెట్ల కింద నిలబడి మాస్టార్ని పిలిచి, బాకా గొంతు తగ్గించే ఉపాయం ఏదైనా ఉందా అని అడిగింది. ఉందట. బాకా మూతికి బిగించే బిరడా లాంటిది, దాన్ని మ్యూట్ అంటారట. దుప్పటికన్నా నయం అన్నాడాయన.

ఇక పరీక్ష మొదలైంది. మేడ మీద మాస్టారు. మెట్ల దగ్గర మామయ్య. వీధి గేటు అవతల ఎదురింటాయన. మధ్యలో వార్తలు మోయడానికి నేను.

"మెట్ల దగ్గర వినిపించిందా?"

"డబ్బాలో తుమ్మెద తిరిగినట్టుంది" అన్నాడు మామయ్య.

"గేటు దగ్గర?"

"వినిపించలేదు. ఏదీ, ఇంకోసారి వాయించమను" అన్నాడు ఎదురింటాయన. రెండోసారి విని, "పాట బాగానే ఉందే" అన్నాడు.

"అంటే వినిపించిందన్నమాట! ఇంకాస్త బిగించండి మాస్టారూ!" అని అరిచింది అత్తయ్య.

చివరికి మ్యూట్ బిగించే వాయించాలని షరతులో చేర్చాం. ఒకసారి సంతకాలయ్యాక ఒక్కరి ఇష్టంతో మార్చడానికి లేదు కాబట్టి ఇద్దరూ మళ్ళీ సంతకాలు పెట్టారు. ఎదురింటాయన సాక్షి సంతకం తనదే ఉండాలని పట్టుబట్టి పెట్టాడు.

ఆ తర్వాత కేసుల పని మీద ఎప్పుడైనా అత్తయ్య ఇంట్లో ఆగినప్పుడు నాకో విచిత్రం కనిపించేది. ఏడు కొట్టకముందే ఆమె కాఫీ గ్లాసుతో మెట్ల దగ్గర నిలబడేది. తాగేది కాదు. పైనుంచి మొదటి స్వరం రాగానే ఊపిరి వదిలి, ఒక గుక్క తాగి, లోపలికి వెళ్ళి మిక్సీ వేసేది. పాట మొదలయ్యేదే అప్పుడు! సంగీతం ఇష్టమైన మనిషి పాట వదిలేసి ఒక్క స్వరం వింటుందా? అడిగితే, "ఒప్పందంలో ఉన్నది ఒక్క స్వరమే. మిగతాది ఆయన కళ" అంది.

ఒకరోజు స్వరం రాలేదని చకచకా పైకెక్కి తలుపు తట్టింది. మాస్టారు నోట్లో బ్రష్షుతో, కళ్ళెర్రజేసుకుని తలుపు తీశాడు.

"మేడమ్! ఇంకా ఏడు కాలేదు! మీ గడియారం పరిగెడుతోంది!"

"మీదే కుంటుతోంది!"

ఆ పేచీ సాయంత్రం దాకా నడిచింది. చివరికి ఏ గడియారం చూపిన ఏడు అసలైన ఏడో తేల్చి రాశాం. మెట్ల గోడకు ఒక కొత్త గడియారం వచ్చింది. మేకు మామయ్యే కొట్టాడు.

మాస్టారు గొణుక్కునేవాడే గానీ తప్పేవాడు కాదు. బడి పిల్లలకు తాళం తప్పితే ఎలా ఒప్పుకోడో, తాను మాట తప్పడానికీ అలాగే ఒప్పుకోడు. జలుబు చేసిన రోజు కూడా ముక్కు దిబ్బడతో దూడ అరిచినట్టు ఒక్క స్వరం ఊది పడుకున్నాడు. ఊరికెళితే ముందుగా చెప్పి వెళ్ళేవాడు.

వానలు మొదలైన కొత్తలో ఒక ఉదయం. కోర్టుకు బయల్దేరబోతూ నేను చెప్పులు వేసుకుంటున్నాను. గడియారం ఏడు దాటింది. అత్తయ్య చేతిలో గ్లాసు అలాగే ఉంది.

"వాయించలేదు" అంది.

"వాన కదా, ముసుగు తన్ని పడుకునుంటాడు" అన్నాడు మామయ్య.

ఆ మాట పూర్తయ్యేలోగా అత్తయ్య సగం మెట్లెక్కేసింది. వెనకే నేను పరిగెత్తాను. తలుపు తట్టింది. "మాస్టారూ!" అని పిలిచింది. ఇంకా గట్టిగా పిలిచింది. జవాబు లేదు. కొంగున కట్టుకున్న తాళంచెవి విప్పి తలుపు తీసింది.

మాస్టారు మంచానికీ గోడకూ మధ్య నేల మీద పడి ఉన్నాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. మొహం జారిపడ్డ పరుపులో కూరుకుపోయి ఉంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

అత్తయ్య కదిలింది. పరుపు లాగేసింది, పక్కనున్న బల్ల జరిపేసింది, ఆయన తల కింద దుప్పటి మడిచి పెట్టి, గుండీలు వదులు చేసింది. వెనకే వచ్చిన మామయ్య, "పళ్ళ మధ్య చెంచా పెడదామా?" అన్నాడు కంగారుగా.

"నోట్లో ఏమీ పెట్టొద్దు, గట్టిగా పట్టుకోవద్దు. ప్లీడరమ్మా, అంబులెన్సుకు ఫోను చెయ్యి. ఏవండీ, మీరు గేటు తీయండి."

కొట్టుకోవడం తగ్గగానే ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, చెయ్యి మీద చెయ్యేసి, "ఏం లేదు మాస్టారూ, ఏం లేదు, మేమున్నాం" అంటూ కూర్చుంది.

ఆసుపత్రిలో డాక్టరు బయటికి వచ్చి, గండం గడిచిందన్నాడు. మొహం పరుపులో ఉంది కాబట్టి, ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి అందేది కాదన్నాడు. కొన్నాళ్ళు మెట్లెక్కడం దిగడం వద్దన్నాడు.

వరండా బెంచీ మీద అత్తయ్య పక్కన కూర్చున్నాను. అప్పటికి నా బుర్రలో దీపం వెలిగింది.

"నీకు ముందే తెలుసు కదూ?"

"ఇల్లు ఇవ్వకముందే తెలుసు. మార్కెట్ వెనక వీధిలో పాత ఓనరు చెప్పాడు. 'మూర్ఛ మనిషండీ, నిద్ర లేస్తూనే పడిపోతాడు, మీరూ ఇవ్వకండి' అన్నాడు. చప్పుడూ లేదు, పాడూ లేదు. ప్రతి ఇంట్లోనూ తెలియగానే పొమ్మన్నారు. చప్పుడని చెప్పుకోవడం ఆయనకు నయమనిపించింది."

"మరి ఇదంతా ఏమిటి? నేరుగా చెప్పొచ్చుగా, మాస్టారూ, నాకు తెలుసు, రోజూ ఓసారి కనిపించండి అని."

"చెబితే ఆ క్షణమే పెట్టె సర్దుకుని పోయేవాడు. హాస్టల్లో ఇలాంటి పిల్ల ఒకతె ఉండేది. జాలిగా చూస్తే చాలు, అన్నం మానేసేది. దానికీ నిద్ర లేచే వేళకే వచ్చేవి. ఏదో ఒక తగువు పెట్టుకుని రోజూ పొద్దున్నే తలుపు తట్టేదాన్ని. నన్ను తిట్టుకుంటూ తీసేది." అత్తయ్య కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "షరతైతే మొహమాటం ఉండదే. విసుక్కుంటూ చేస్తారు. విసుక్కోనీ. ఊపిరుంటే చాలు."

నాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది. రెండోదాన్ని మింగేశాను. అత్తయ్య చూస్తే దాని మీదా షరతు రాస్తుంది.

మాస్టార్ని ఇంటికి తీసుకొచ్చిన మర్నాడు ఆదివారం. మెట్లు వద్దన్నా వినకుండా ఆయన తన వాటాకే ఎక్కాడట. నేను వెళ్ళేసరికి మేడ మీద ఆయన తలుపు బార్లా తెరిచి ఉంది. సామాను కట్టేసి ఉంది. బాకా పెట్టె గుమ్మంలో ఉంది. అత్తయ్య నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"మీకు తెలిసిపోయింది మేడమ్. పొమ్మని మీ నోటితో చెప్పించుకోవడం ఎందుకు? నేనే పోతాను. నాకిది అలవాటే" అంటున్నాడాయన, తల వంచుకుని.

"నెల ముందు నోటీసు ఇచ్చారా?"

"నోటీసా?"

"నోటీసు లేకుండా పోవడం ఒప్పందం తప్పడం. ఇదిగో, ప్లీడరమ్మ వచ్చింది, అడగండి. నిలబడుతుందా?"

నేను వీలైనంత గంభీరంగా మొహం పెట్టాను. "నిలబడుతుంది. రాయిలా నిలబడుతుంది."

"కానీ నా జబ్బు..."

"జబ్బు గురించి ఒప్పందంలో ఒక్క ముక్క లేదు. కావాలంటే మొదటి నుంచి చివరిదాకా చదువుకోండి."

మాస్టారు తలెత్తి ఆమెను చూశాడు. "మీకు ముందే తెలుసు" అన్నాడు మెల్లగా.

అత్తయ్య కిటికీ వైపు చూసింది. జవాబు మామయ్య చెప్పాడు.

"తెలియకపోతే, బాకా చప్పుడుకు రోజూ తలనొప్పి మాత్ర వేసుకునే మనిషి, పొద్దున్నే వాయించి తీరాలని షరతు పెడుతుందా మాస్టారూ?"

"మాత్రా?"

"డబ్బాలు డబ్బాలు ఖాళీ చేసింది."

మాస్టారు కట్టిన పరుపు చుట్ట మీద కూలబడ్డాడు. ఏదో అనబోయాడు. అననివ్వకుండా అత్తయ్య చేతులు దులుపుకుంది.

"సామాను ఎలాగూ కట్టేశారు, మంచిదే. డాక్టరు మెట్లు వద్దన్నాడు. కింద నా కుట్టుమిషను గది ఖాళీ చేశాను. ఇవన్నీ అక్కడికి దించాలి. ఏవండీ, ముందు మంచం పట్టండి."

"కొత్త గదికి కొత్త కాగితం రాయనా అత్తయ్యా?" అన్నాను.

"కాగితం ఎక్కడికి పోతుందే? ముందు అటు పట్టు."

కళ్ళజోళ్ళ షాపాయన కూడా వచ్చాడు. కింది వైపు నేనూ మామయ్యా, పై వైపు ఆయనా అత్తయ్యా. మాస్టార్ని చెయ్యి వేయనివ్వలేదు, వెనక నిలబడి దారి చెప్పమన్నాం. ఆయన కుడి అన్నాడు, అత్తయ్య ఎడమ అంది, మామయ్య "ఎవరి ఎడమ?" అన్నాడు. ఈ చర్చ జరుగుతుండగా మంచం మెట్ల మలుపులో అడ్డంగా ఇరుక్కుపోయింది. పైకి రాదు, కిందికి దిగదు. తోశాం, లాగాం, తిట్టుకున్నాం. కోళ్ళు విప్పాల్సిందే అన్నాడు షాపాయన. విప్పే పనిముట్లు కట్టిన మూటల అడుగున ఎక్కడో ఉన్నాయి. పైవాళ్ళు పైన, కిందివాళ్ళు కింద ఎక్కడివాళ్ళక్కడ మెట్ల మీద కూలబడ్డాం.

మొదట మాస్టారే నవ్వాడు. చిన్నగా మొదలై, పొట్ట పట్టుకునేదాకా వెళ్ళింది. ఆయన నవ్వగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. ఇక మేమెవ్వరం ఆగలేకపోయాం.

నేను కిందికి వెళ్ళి టీ పెట్టుకొచ్చి, మంచం మీదుగా పైవాళ్ళకు గ్లాసులు అందించాను. మధ్య వాటా పిల్లలు మంచం కింద నుంచి దూరి ఆడుకోవడానికి పోయారు. మాస్టారు ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, నెమ్మదిగా అన్నాడు:

"అక్కా, నా దాంట్లో చక్కెర లేదు."

అన్నాళ్ళూ మేడమ్ తప్ప ఇంకో మాట రాలేదు ఆయన నోట. అత్తయ్య తన గ్లాసు మెట్టు మీద పెట్టింది.

"ఉండు, నేను తెస్తాను" అంటూ మామయ్య కింది నుంచి లేవబోయాడు.

అప్పటికే అత్తయ్య చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, వంగి, మోకాళ్ళ మీద పాకుతూ మంచం కిందికి దూరింది.